రాత్రి పదకొండు దాటాక వంటింట్లోకి వెళ్ళకుండా ఎలా ఉంటున్నారు?

తెనాలి_అమ్మాయి
మార్చి 9, రాత్రి 12:48

చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నాకు 36 ఏళ్ళు, హైదరాబాదులో ఉంటాం, ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇంట్లో నేను, మావారు, ఎనిమిదేళ్ళ పాప. పోయిన నెల రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు షుగరు, అదే హెచ్‌బీఏ1సీ, 6.1 వచ్చింది. అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ షుగరే కాబట్టి ఎప్పటికైనా నాకూ వస్తుందని తెలుసు, కానీ 36 ఏళ్ళకే గుమ్మం దాకా వస్తుందనుకోలేదు.

ఏం తినాలో తెలియక కాదు నా బాధ. అది బాగానే తెలుసు. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం కీరా, క్యారెట్ ముక్కలు, ఒక పుల్కా, రాత్రి ఎనిమిదికి అరకప్పు అన్నంలో కూర. ఆఫీసులో నా డబ్బా చూసి "ఎంత కంట్రోలండీ మీకు" అంటారు. పాప పడుకుని, మావారు కూడా పడుకుని, ఇల్లు సద్దుమణిగాక పదకొండున్నర ప్రాంతంలో నా కాళ్ళు వాటంతట అవే వంటింట్లోకి వెళ్తాయి. లైటు కూడా వేయను. డబ్బాలో జంతికలుంటే జంతికలు, చేగోడీలుంటే చేగోడీలు, ఏవీ లేకపోతే పాప బిస్కెట్లు, అవీ అయిపోతే పంచదార చల్లుకుని మరమరాలు. నిలబడే తింటాను. సగం డబ్బా అయ్యాక గానీ చెయ్యి ఆగదు. తర్వాత చప్పుడు కాకుండా మూత పెట్టి, పళ్ళు తోముకుని పడుకుంటాను. పొద్దున లేచి రాగిజావ కూడా మానేస్తాను, రాత్రి తిన్నదానికి లెక్క సరిచేద్దామని.

ఇదంతా అమ్మ పోయినప్పటి నుంచే. 2023 నవంబరులో, కార్తీకమాసంలో పోయింది. అంతకుముందు నాకు రాత్రిపూట తినే అలవాటే లేదు. నిరుడు అన్నం పూర్తిగా మానేసే డైటు చేసి రెండు నెలల్లో ఏడు కిలోలు తగ్గాను, తర్వాత ఐదు నెలల్లో తొమ్మిది కిలోలు పెరిగాను. ఇప్పుడు మార్చి, మాకు ఖాతాలు ముగించే నెల, టెన్షన్ మామూలుగా లేదు. పగలంతా ఉన్న పట్టుదల రాత్రికి ఎక్కడికి పోతుందో అర్థం కావడం లేదు. ఇందులోంచి బయటపడ్డవాళ్ళుంటే ఎలా పడ్డారో చెప్పండి. డైట్ చార్టులు మాత్రం వద్దండి, నా దగ్గర పదకొండు ఉన్నాయి.

ఉదయపు_నడక
మార్చి 9, ఉదయం 5:20

అమ్మా, ముందు ఆ డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి. లేనిదాన్ని ఎలాగూ తినలేం. నేను 2019లో 94 కిలోలు, ఇప్పుడు 76. ఆరేళ్ళలో నడక మానింది వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. రాత్రి తొమ్మిదిన్నరకి పడుకుంటాను, నాలుగున్నరకి లేస్తాను, పదకొండింటికి మెలకువే ఉండదు కాబట్టి ఆకలీ ఉండదు. మనసు చెప్పినట్టు మనం వినకూడదు, మనం చెప్పినట్టు అది వినాలి. కొన్నాళ్ళు గట్టిగా పట్టు పట్టండి, ఆ తర్వాత అదే అలవాటైపోతుంది.

నైట్‌డ్యూటీ
మార్చి 9, ఉదయం 8:05

డ్యూటీ దిగి ఇప్పుడే ఇంటికొచ్చాను, పడుకునే ముందు ఇది చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. విశాఖలో నర్సుని, పదిహేనేళ్ళ సర్వీసు.

చెల్లీ, మీరు రాసిన పగటి తిండి రెండుసార్లు చదివాను. అది తిండి కాదు. మీ బరువు ఎంతో రాయలేదు, 65 అనుకుందాం. కిలోకి 0.83 గ్రాముల చొప్పున రోజుకి 54 గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలి. జావ, కీరా, పుల్కా, అరకప్పు అన్నం అన్నీ కలిపినా అందులో సగం రాదు. పగలంతా ఒంటిని ఎండగట్టి రాత్రి "ఎందుకు ఇలా ఆగలేకపోతున్నాను" అని మీ మనసుని తిడుతున్నారు. ఆగకూడదనే ఒళ్ళు అలా చేస్తోంది. కడుపు ఖాళీగా ఉంటే ఆకలి పుట్టించే హార్మోను గ్రెలిన్ పెరుగుతుంది, నిద్ర తక్కువైనా అది పెరుగుతుంది, చాలు అని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. దీర్ఘకాలం టెన్షన్‌లో ఉంటే కార్టిసాల్ కూడా తోడై తీపి, నూనె సరుకు మీదికే మనసు లాగుతుంది. నాకు నైట్ డ్యూటీ వారాల్లో ఇది ప్రతిసారీ తెలుస్తుంది, తెల్లవారుజామున మూడింటికి ఒక్క పండు కూడా తినాలనిపించదు, మిక్చరే కావాలనిపిస్తుంది.

కొన్ని సంగతులు అడుగుతాను, చెప్పండి. మందులేమైనా వాడుతున్నారా? స్టెరాయిడ్లు, మనోవ్యాధులకిచ్చే కొన్ని మందులు ఆకలి బాగా పెంచుతాయి, అది తెలియక మనుషులు తమని తామే నిందించుకుంటారు. థైరాయిడ్ చూపించారా? ఎన్ని గంటలు పడుకుంటున్నారు? మధ్యాహ్నం డబ్బాకి, రాత్రి భోజనానికి మధ్యలో టీ కాక ఇంకేమైనా తింటున్నారా?

6.1 గురించి భయం వద్దు. 5.7 నుంచి 6.4 దాకా షుగరు రావడానికి ముందు దశ, 6.5 నుంచి షుగరు కింద లెక్క. వెనక్కి రాగలిగిన చోటే ఉన్నారు.

తెనాలి_అమ్మాయి
మార్చి 9, రాత్రి 11:15

అక్కా, ఈ టైముకి వంటింట్లోకి వెళ్ళకుండా ఇక్కడికొచ్చాను, అదొకటి.

మందులేమీ లేవు, థైరాయిడ్ బాగానే ఉంది. బరువు 71. నిద్ర పన్నెండున్నర నుంచి ఆరింటి దాకా. మధ్యాహ్నం ఒకటిన్నరకి డబ్బా తింటే మళ్ళీ రాత్రి ఎనిమిది దాకా టీలే, మూడు నాలుగు అవుతాయి. మీరు లెక్క వేసి చెప్పేదాకా అది తక్కువ తిండి అని నాకు తోచనే లేదు. మంచి తిండి అనుకున్నాను.

డబ్బాలు తీసేయడం గురించి. జనవరిలో చేశానండీ. పాప స్కూలుకి కూడా పళ్ళే పెట్టాను. నాలుగో రోజు రాత్రి పదకొండు నలభైకి ఫోనులో ఆర్డర్ పెడితే పది నిమిషాల్లో చిప్స్, చాక్లెట్ గుమ్మంలోకి వచ్చాయి. బెల్లు కొట్టొద్దని రాసి మరీ తెప్పించుకున్నాను. ఇంట్లో లేకపోతే తినలేం అనే రోజులు పోయాయి.

ఇంకొక విషయం చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఫ్రిజ్‌లో కింది అరలో ఒక సీసా ఉంది. 2023 ఎండాకాలంలో అమ్మ పెట్టిన ఆవకాయ. అదే ఆఖరుది. సీసాలో ముప్పావు వంతు ఉంది. అమ్మ పోయాక ఒక్కరోజు కూడా దాని మూత తీయలేదు. రోజూ రాత్రి షాపు జంతికలు తింటూ, పాల కోసమో నీళ్ళ కోసమో ఫ్రిజ్ తీసినప్పుడు దాన్ని చూస్తాను. మూత తీస్తే అయిపోతుంది కదా. షాపు సరుకు ఎంత తిన్నా నాకు దిగులు లేదు, రేపు ఇంకొకటి వస్తుంది.

జొన్నచేను
మార్చి 10, ఉదయం 6:50

అక్కా నీ ఆఖరి ముక్క చదివి బయటికెళ్ళి కాసేపు కూర్చున్నా.

మాది పాలమూరు దిక్కు, విత్తనాలు, పురుగుమందుల దుకాణం. నేను చెప్పేది మగవాళ్ళు బయటికి చెప్పరు. రెండు సీజన్లు ఉద్దెర ఇచ్చిన బాకీలు వసూలు కాక అప్పు మీద పడ్డప్పుడు నేను రోజూ తాగేవాణ్ణి. తాగుడు మానేసి నాలుగేళ్ళయింది. అందరూ మెచ్చుకున్నారు. మానేసిన నెల నుంచి తీపి పట్టుకుంది. దుకాణం బంద్ చేసినాక మిఠాయి కొట్టుకాడ ఆగి పావు కిలో జిలేబీ బండి మీద కూర్చునే తినేవాణ్ణి, ఇంటికి పోయి మళ్ళా అన్నం. తాగుడు పోయింది గాని తాగిచ్చిన బాధ యాడికీ పోలేదని నాకు రెండేళ్ళకు గాని తెలియలేదు. మగవాళ్ళు మందులోకి తినే మిర్చి బజ్జీ, పల్లీ, చికెన్ కూడా ఇదే లెక్కలోకి వస్తుంది, మనం దాన్ని సరదా అంటాం.

నాకు పనికొచ్చింది ఒక్కటే. దుకాణం మూసే టైముకు తమ్ముడికి ఫోన్ చేసుడు. మాట్లాడేది పెద్దగా ఏముండదు, ఎరువుల ధర, వాన, వాడి పిల్లలు. ఫోన్ చెవికాడ పెట్టుకుని మిఠాయి కొట్టు దాటిపోతా. నెలకు ఒకటి రెండుసార్లు ఇప్పటికీ ఆగుతా. ఆగినరోజు కూడా తమ్ముడికి చెప్తా, ఇవాళ ఆగిన అని. వాడు సరే అంటాడు, అంతే.

మిషిగన్_మంచు
మార్చి 10, ఉదయం 9:30

ఇక్కడ రాత్రి, అక్కడ మీకు పొద్దున. నేను డెట్రాయిట్ దగ్గర ఉంటాను. డిసెంబరు, జనవరిలో సాయంత్రం ఐదింటికే చీకటి. నిరుడు ఉద్యోగం పోయింది, వీసా గడువు 60 రోజులు, ఆ 60 రోజుల్లో నేను తిన్నది తలచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. అమ్మ రోజూ వీడియో కాల్‌లో మొదటి మాట "తిన్నావా?" అనేది. ఉద్యోగం పోయిందని చెప్పలేదు. ఏం చెప్పాలో తెలియక "తిన్నానమ్మా" అని చెప్పి, ఫోన్ పెట్టగానే నిజంగా తినేదాన్ని. మన ఇళ్ళలో బాధగా ఉన్నావా అని ఎవరూ అడగరు కదా, తిన్నావా అనే అడుగుతారు. ప్రేమంతా అందులోనే పెట్టి అడుగుతారు. ఆ మాటకి జవాబుగానే తింటున్నానేమో అని నాకు అప్పుడు అనిపించింది.

నేను చేసింది చెప్తాను, అందరికీ పనిచేస్తుందని కాదు. తినాలని లాగినప్పుడు వద్దు అనుకోవడం మానేశాను. పావుగంట తర్వాత తింటాను అనుకుని ఫోన్‌లో పావుగంట పెట్టుకుని, ఈలోపు ఒకే ఒక్క వాక్యం రాసుకునేదాన్ని, ఇప్పుడు నాకు ఏమవుతోంది అని. "ఇంటర్వ్యూ నుంచి జవాబు రాలేదు." "అద్దె." "ఎవరూ ఫోన్ చేయలేదు." కొన్నిసార్లు "నిజంగా ఆకలేస్తోంది" అని కూడా రాశాను, ఆ రోజుల్లో వెంటనే లేచి అన్నం, పప్పు వండుకున్నాను. పావుగంటకి లాగుడు తగ్గిన రోజులున్నాయి, తగ్గని రోజులున్నాయి. తగ్గని రోజు తినేదాన్ని, కానీ పళ్ళెంలో పెట్టుకుని, కూర్చుని, లైటు వేసుకుని. మీరు లైటు వేయను అన్నారు చూడండి, నేనూ అంతే ఉండేదాన్ని. లైటు వేసినప్పటి నుంచి సగానికి సగం తగ్గింది.

అమ్మకి ఉద్యోగం సంగతి చెప్పింది 48వ రోజున. ఏడుస్తుందనుకున్నాను. "అయితే ఇంటికి రా, ఇక్కడ తిండికి లోటా" అంది. ఆ రాత్రి నేనేమీ తినలేదు, అలా పడుకుండిపోయాను.

ఉదయపు_నడక
మార్చి 10, ఉదయం 11:10

అందరి బాధా అర్థమైంది, కాదనను. కానీ ఇలా ప్రతిదానికీ కారణం వెతుక్కుంటూ పోతే తినడానికి ఒక సాకు దొరుకుతుంది తప్ప మానడానికి దారి దొరకదు. మా తాతగారు పొలంలో పనిచేసి ఒక పూట సంకటి తిని బతికారు, ఆయనకి బాధల్లేవా? పట్టుదల ఉన్నవాళ్ళే గెలుస్తారు. చెల్లెమ్మ మంచికోరే చెప్తున్నాను.

పోషకాహార_విద్యార్థి
మార్చి 10, మధ్యాహ్నం 2:25

నడక గారూ, మీ తాతగారికి పదకొండున్నరకి ఫోనులో చిప్స్ దొరికేవి కావు, ఆయన సంకటి వెనకాల రోజంతా పొలం పని ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టలేమండీ.

పట్టుదల గురించి మేము చదువుకున్న ఒక సంగతి చెప్పాలి. 1944, 45లలో అమెరికాలో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి ఆరు నెలలపాటు సగం తిండి పెట్టి చూశాడు. వాళ్ళు తమంతట తాము ముందుకొచ్చినవాళ్ళు, యుద్ధంలో ఆకలికి మాడినవాళ్ళకి సాయపడుతుందని ఒప్పుకున్నవాళ్ళు. పట్టుదలకి ఏ లోటూ లేదు. కొన్ని నెలలకే వాళ్ళ మాటా, కలా అన్నీ తిండే అయిపోయాయి. వంటల పుస్తకాలు పోగేసుకుని చదివినవాళ్ళున్నారు. ప్రయోగం ముగిసి మళ్ళీ మామూలు తిండి పెట్టినప్పుడు కొందరు ఎంత తిన్నా కడుపు నిండలేదన్నారు. తెనాలి గారు రెండు నెలలు అన్నం మానేసి ఏడు కిలోలు తగ్గాక జరిగింది కూడా ఇలాంటిదే. మీ గుణం చెడ్డది కాదండీ, ఎండగడితే ఏ ఒళ్ళయినా అలాగే తిరగబడుతుంది.

ఇంకా, మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయుల కోసం 17 ఆహార సూచనలు విడుదల చేసింది. అందులో అన్నం మానేయమని ఎక్కడా లేదు. ధాన్యాల వాటా మొత్తం శక్తిలో 45 శాతం దగ్గర ఆపి, పప్పులు, కూరగాయలు, పళ్ళు, పాలు, గింజలు పెంచమంది. మన దగ్గర గొడవ ఏమిటంటే పళ్ళెంలో ముప్పావు అన్నమే ఉంటుంది, లేదా ఒక్కసారిగా అసలేమీ ఉండదు.

నడక మాత్రం నిజంగా పనిచేస్తుంది, అందులో మీతో వందశాతం ఏకీభవిస్తాను. మీకున్న దశలోనే ఉన్నవాళ్ళ మీద చెన్నై డాక్టర్లు చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో, మందుల్లేకుండా నడక, తిండి మార్పులతోనే షుగరు వచ్చే ముప్పు పావు వంతుకి పైగా తగ్గింది. తిట్లతో తగ్గిందని మాత్రం అందులో లేదు.

ఉదయపు_నడక
మార్చి 10, సాయంత్రం 6:40

సరేనమ్మా. తిట్టానని మీకు అనిపించి ఉంటే అది నా ఉద్దేశం కాదు. నాకు పనిచేసిందే చెప్పాను. నాకు అప్పట్లో ఇంట్లో తోడు ఉంది, మా ఆవిడ కూడా నాతోపాటే నడిచేది, అది నేను లెక్కలోకి తీసుకోలేదు.

వరంగల్_కోడలు
మార్చి 11, మధ్యాహ్నం 3:00

మీరంతా ఒంటరిగా తినడం గురించి రాస్తున్నారు, నా బాధ పదిమందిలో తినడం. మాది ఉమ్మడి కుటుంబం. సంక్రాంతికి మా అత్తమ్మ ఎనిమిది శేర్ల బియ్యప్పిండితో సకినాలు చుట్టిస్తుంది. వద్దంటే ఆమెకు కోపం కాదు, బాధ. "నేను చేసింది బాగలేదా" అని అడుగుతుంది. ఆ మాట వినలేక తింటాను. తర్వాత నా గదిలోకి వచ్చి ఆ విసుగు మీద ఇంకో నాలుగు తింటాను.

మూడేళ్ళు పట్టింది నాకు ఒక దారి దొరకడానికి. వద్దు అనడం మానేసి, అడగడం మొదలుపెట్టాను. "అత్తమ్మా, మీ పచ్చి పులుసు కావాలి", "చిక్కుడుకాయ కూర మీరు చేసినట్టు నాకు రావట్లేదు, చేసిపెట్టండి", "సర్వపిండి నూనె తక్కువేసి కాల్చండి, నాకు అలాగే ఇష్టం". ఆమెకు కావలసింది నేను ఆమె చేతి వంట తినడమే, అది సకినమా చిక్కుడుకాయా అని ఆమెకు పట్టింపు లేదు. ఇప్పుడు ఆమే అందరితో చెప్తుంది, కోడలుకు నా కూరలంటే పాణం అని. సకినాలు కూడా తింటాను, రెండు, పొద్దున చాయ్‌తో, ఆమె పక్కన కూర్చుని.

గోదారిగట్టు_మాస్టారు
మార్చి 12, ఉదయం 7:15

లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను, 67 ఏళ్ళు, రాజమండ్రి. టైపు చేయడం మెల్లిగా వస్తుంది, తప్పులుంటే మన్నించండి.

అమ్మాయీ, మా ఆవిడ పోయి అయిదేళ్ళు. నాకు రాత్రి కాదు, సాయంత్రం నాలుగు. ఆ టైముకి ఆవిడ కాఫీ తెచ్చి ఎదురుగా కూర్చునేది, వీధిలో సంగతులు చెప్పేది. ఆవిడ పోయాక నాలుగయ్యేసరికి ఇల్లు మీద పడ్డట్టుండేది. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు మాకు చేతికందే దూరమే కదా, రోజూ తెప్పించుకునేవాణ్ణి. షుగరు రోగిని, తెలిసీ తిన్నాను. తినకముందు 260 వచ్చింది ఒకసారి. మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చి ఫ్రిజ్ ఖాళీ చేసి నా మీద అరిచి వెళ్ళాడు. వాడు వెళ్ళిన సాయంత్రమే మళ్ళీ తెప్పించాను.

తర్వాత పక్కవీధి పిల్లవాడు ఒకడు పదో తరగతి లెక్కలు చెప్పమని వచ్చాడు. నాలుగింటికి రమ్మన్నాను, ఆ టైము కావాలనే చెప్పాను. ఇప్పుడు తొమ్మిది మంది. నాలుగింటికి గుగ్గిళ్ళు చేయిస్తాను, శనగలో అలసందలో, పిల్లలతో పాటు నేనూ తింటాను. ఆదివారం వాళ్ళు రారు. ఆదివారం ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది, ఆ రోజు గోదారి గట్టుకి వెళ్ళి కూర్చుంటాను, కొన్ని ఆదివారాలు కాజా కూడా తింటాను.

ఆ సీసా సంగతి. నేను మా ఆవిడ పెట్టిన మాగాయ అలాగే దాచాను. దాచి దాచి చివరికి బూజు పట్టింది. ఆ రోజు నేను పడ్డ బాధ నీకు వద్దమ్మా.

నైట్‌డ్యూటీ
మార్చి 12, రాత్రి 9:10

మాస్టారూ, నమస్కారం.

ఒక్క ముక్క అందరి కోసం చెప్పి డ్యూటీకి వెళ్తాను. అప్పుడప్పుడు బాధలో తినడం వేరు. వారానికి ఒకసారైనా, మూడు నెలలకి పైగా, తక్కువ సేపట్లో చాలా ఎక్కువ తినేసి, ఆపుకోలేక, దాక్కుని తిని, తర్వాత తమ మీద తమకే అసహ్యం వేస్తుంటే దానికి వైద్యంలో పేరుంది, బింజ్ ఈటింగ్ డిజార్డర్. 2013 నుంచి అమెరికా మానసిక వైద్యుల సంఘం వర్గీకరణలో విడిగా ఒక జబ్బుగా రాశారు. దానికి చికిత్స ఉంది, మాట్లాడి చేసే చికిత్స బాగా పనిచేస్తుంది. తిన్నాక వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు వేసుకోవడం ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు. దగ్గర్లో ఎవరిని చూడాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, 2022 నుంచి ప్రభుత్వం నడుపుతోంది, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రి ఏ టైముకైనా తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు.

చెల్లీ, మీరు రాసిన గుర్తుల్లో చాలా ఇందులోకి వస్తున్నాయి. నేను జబ్బు నిర్ణయించేదాన్ని కాదు, కానీ ఒకసారి మాట్లాడండి. ఈలోపు మధ్యాహ్నం డబ్బాలో కప్పున్నర అన్నమో రెండు పుల్కాలో, గట్టి పప్పు, కూర, పెరుగు పెట్టుకోండి. అయిదింటికి ఉడకబెట్టిన గుడ్డో గుప్పెడు పల్లీలో. రాత్రి తిన్నారని పొద్దున మాత్రం మానొద్దు. నా మాట ఒక్కటే వింటానంటే ఆఖరిది వినండి.

తెనాలి_అమ్మాయి
ఏప్రిల్ 6, రాత్రి 10:20

నెల తర్వాత వస్తున్నాను, మార్చి 31 దాకా తల ఎత్తలేదు.

ముందు ఫోన్ చేసిన సంగతి. 14416కి మార్చి 14 రాత్రి చేశాను, బాల్కనీలో నిలబడి. అవతల అమ్మాయి తెలుగులో మాట్లాడింది, నేను మొదటి అయిదు నిమిషాలు మాట్లాడలేకపోయాను, ఆవిడ ఆగింది. తర్వాత ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాను, ఇప్పటికి మూడుసార్లయింది. తిండి గురించి కంటే అమ్మ గురించే ఎక్కువ అడుగుతున్నారు.

మధ్యాహ్నం డబ్బా మార్చాను. మొదటి వారం భయమేసింది, ఇంత తింటే లావైపోతానని. పదో రోజు నుంచి రాత్రి వంటింట్లోకి వెళ్ళినా డబ్బా సగం దాకా వెళ్ళడం లేదు. ఇది నేను పట్టుదలతో చేసింది కాదు, కడుపు నిండినందుకు జరిగింది. పొద్దున మానడం పూర్తిగా మానేశాను. లైటు వేస్తున్నాను. మొదటిసారి లైటు వేసినప్పుడు మావారు లేచి వచ్చారు. ఏడాదిన్నరగా ఆయనకి తెలియదనుకున్నాను. తెలుసట. అడిగితే బాధపడతానని ఊరుకున్నారట. ఆ రాత్రి ఇద్దరం వంటింటి గచ్చు మీద కూర్చుని రెండు దాకా మాట్లాడుకున్నాం.

మార్చి 28, 29, 30 మూడు రోజులు మళ్ళీ పాత పద్ధతే. ఉగాదికి బొబ్బట్లు కూడా అదే ఊపులో తిన్నాను. కానీ ఒకటో తారీఖు పొద్దున లేచి మామూలుగా జావ, గుడ్డు తిన్నాను. ఇంతకుముందైతే ఆ మూడు రోజులు మూడు నెలలయ్యేవి. బరువు 70.5. డాక్టరు జూన్‌లో మళ్ళీ పరీక్ష చేయించమన్నారు. సాయంత్రం పాపని తీసుకుని అరగంట నడుస్తున్నాను, నడక గారూ, పొద్దున నా వల్ల కాలేదు, ఏమీ అనుకోకండి.

ఉదయపు_నడక
ఏప్రిల్ 7, ఉదయం 5:05

సాయంత్రమైనా నడకే కదమ్మా. చాలా సంతోషంగా ఉంది.

తెనాలి_అమ్మాయి
మే 4, సాయంత్రం 4:30

మాస్టారూ, మీ మాగాయ మాట నన్ను వదల్లేదు. పోయిన ఆదివారం తమ్ముడు వాళ్ళు వచ్చారు. మధ్యాహ్నం వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి పెట్టి సీసా బయటికి తీశాను. మూత బిగుసుకుపోయి తమ్ముడు గుడ్డ పట్టి తిప్పాల్సొచ్చింది. బూజు లేదు, నూనె పైకి తేలి ఉంది, రంగు మాత్రం ముదిరింది. వాసన రాగానే వాడు లేచి బయటికెళ్ళిపోయాడు, కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చాడు. అందరికీ ముద్దలు కలిపి పెట్టాను, అమ్మ పెట్టినట్టే చేతిలో. పాపకి అమ్మమ్మ వంట గుర్తులేదు, "ఘాటుగా ఉంది, ఇంకోటి పెట్టు" అంది. నేను రెండు ముద్దలు తిన్నాను. చాలనిపించింది. నాకు చాలు అనిపించి ఎంత కాలమైందో.

ఆ రాత్రి వంటింట్లోకి వెళ్ళలేదు. మర్నాడు వెళ్ళాను, కాసిని పల్లీలు తిని వచ్చేశాను. ఇంకా వారంలో రెండు మూడు రాత్రులు వెళ్తూనే ఉన్నాను, నిజం చెప్పాలి.

ఈ ఏడాది నేనే పెడదామనుకుంటున్నాను. అమ్మ కొలతలు రాసిపెట్టలేదు, అంతా చేతి లెక్కే. కొంచెమే, ఆరు కాయలకి. ఎవరికైనా తెలిస్తే చెప్పరూ?

గోదారిగట్టు_మాస్టారు
మే 4, రాత్రి 7:50

మా ఆవిడ లెక్క నా దగ్గర రాసి ఉందమ్మా, లెక్కల మాస్టారి భార్య కదా. టెంకతో కొట్టించిన ముక్కలు నాలుగు గిన్నెలకి ఆవపిండి ఒక గిన్నె, కారం ఒక గిన్నె, ఉప్పు ముప్పావు గిన్నె, నువ్వులనూనె గిన్నెన్నర, మెంతులు ఒక చెంచా. మీ గుంటూరు వైపు వెల్లుల్లి వేస్తారు, వేసుకో. ఆవాలు వేయించొద్దు, ఎండలో పెట్టి పొడి కొట్టించు. ముక్కకి తడి తగలకూడదు, టెంక లోపలి జీడి, పొర తీసి పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడువు. మూడో రోజు తిరగ కలిపి ఉప్పు చూడు.

నైట్‌డ్యూటీ
మే 4, రాత్రి 8:15

ఉప్పు సంగతి నేను చెప్పకపోతే ఎలా. రోజు మొత్తం మీద ఉప్పు 5 గ్రాములు దాటకూడదు, ఊరగాయలో ఉన్నదీ అందులోకే వస్తుంది. రోజుకి ఒక ముక్క, పగలు, అన్నంలో. హాయిగా తినండి చెల్లీ.

తెనాలి_అమ్మాయి
మే 8, రాత్రి 9:40

కాయలు తెచ్చాం. కొట్టేవాడి దగ్గరే ముక్కలు కొట్టించమని మావారికి చెప్పాను. శనివారం మధ్యాహ్నం కలుపుతాం, ఆవపిండి కొలిచేది తనేనని పాప ఇప్పటి నుంచే గిన్నె తీసి పక్కన పెట్టుకుంది.